ఎయిర్‌సాఫ్ట్ ఆటకు ఆవిరి పట్టని గాగుల్స్: కళ్లజోడు ఉన్న పిల్లవాడికి ఏవి నప్పుతాయి?

కేటీ నివాసి:

మిత్రులందరికీ నమస్కారం. మేము హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటున్నాం. 14 ఏళ్ల మా అబ్బాయి తోటి పిల్లలతో కలిసి వారాంతాల్లో ఎయిర్‌సాఫ్ట్ (బొమ్మ తుపాకులతో చిన్న ప్లాస్టిక్ గుళికలు కాల్చుకునే ఆట) ఆడడం మొదలుపెట్టాడు. 18 ఏళ్ల లోపు వాళ్లు కళ్లతో పాటు ముఖమంతా కప్పే మాస్కు పెట్టుకోవాలన్నది ఆ మైదానం వాళ్ల నిబంధన. అది మంచిదే. అయితే అక్కడ అద్దెకిచ్చే మాస్కు పెట్టుకుని పరుగెత్తిన కాసేపటికే లోపలి వైపు ఆవిరి కమ్మేసి, వాడికి ఎదురుగా ఉన్న చెట్టు కూడా కనబడలేదు. ఏం చేస్తున్నాడో తనకే తెలియకుండా మాస్కు అంచు కింద వేలు దూర్చి పైకి ఎత్తబోవడం నేను వల ఇవతల నుంచి చూశాను. రెఫరీ గట్టిగా అరిచి ఆపకపోతే ఏమయ్యేదో తలచుకుంటేనే భయంగా ఉంది.

వాడికి మైనస్ 3.5 పవర్ ఉంది, కళ్లజోడు లేకుండా ఆడలేడు. సొంతంగా ఒక మంచి మాస్కు కొనిద్దామని చూస్తే ప్రతి పెట్టె మీదా 'యాంటీఫాగ్' అనే రాసి ఉంది. ఏ ముద్ర చూసి నమ్మాలి, రెండు పొరల లెన్స్‌కు అదనంగా డబ్బు పెట్టడం దండగ కాదా, అసలు అద్దమే లేని ఇనుప జాలీ గాగుల్స్ పెడితే ఈ ఆవిరి బెడదే ఉండదు కదా అన్నవి నా సందేహాలు. 100 డాలర్ల వరకు పెట్టగలను. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పాలని కోరుతున్నాను.

గల్ఫ్ తీరం:

నమస్కారం అండీ. మీ అబ్బాయి మాస్కు ఎత్తబోయాడని రాశారు చూడండి, అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఆవిరి పట్టడాన్ని చాలామంది సౌకర్యానికి సంబంధించిన విషయంగా చూస్తారు. కానీ ఎంత గట్టి లెన్స్ అయినా కంటి మీద ఉన్నంతసేపే కాపాడుతుంది కాబట్టి, ఆవిరి పట్టి చేతిని ముఖం మీదికి రప్పించే మాస్కును నేను రక్షణ లేని మాస్కుగానే లెక్కేస్తాను.

ముందు గట్టిదనం సంగతి. ఈ ఆటలో కాల్చే 0.2 గ్రాముల ప్లాస్టిక్ గుళిక, అంటే బీబీ, సెకనుకు 350 అడుగుల వేగంతో వస్తే దాని శక్తి సుమారు 1.1 జౌల్ ఉంటుంది. అమెరికాలో గాగుల్స్‌కు 'జెడ్87+' ముద్ర దక్కాలంటే పావు అంగుళం ఉక్కు గుండు సెకనుకు 250 అడుగుల వేగంతో తగిలినా లెన్స్ తట్టుకోవాలి, అంటే దాదాపు 3 జౌళ్లు. చివర ఉన్న ప్లస్ గుర్తు ముఖ్యం, అది లేని 'జెడ్87' మామూలు రకం. ఎయిర్‌సాఫ్ట్ కోసమే 'ఏఎస్‌టీఎం ఎఫ్2879' అనే ప్రమాణం ఉంది. రంగు నింపిన గుళికలతో ఆడే పెయింట్‌బాల్ మాస్కులకు 'ఎఫ్1776' వర్తిస్తుంది. 3 గ్రాముల పెయింట్‌బాల్ సెకనుకు 300 అడుగుల వేగంతో 12 జౌళ్లకు పైగా శక్తిని మోసుకొస్తుంది కనుక, ఆ మాస్కు లెన్స్ బీబీని సులువుగా తట్టుకుంటుంది. ఈ ముద్రలేవీ లేని మాస్కును ఎంత చవకగా ఇచ్చినా, ఎన్ని నక్షత్రాలున్నా పక్కన పెట్టండి. మంచు మీద స్కీయింగ్‌కు వాడే గాగుల్స్ చూడడానికి అచ్చం ఇలాగే ఉంటాయి, అవి కూడా వద్దు.

ఇక ఆవిరి. పరుగెత్తే మనిషి ముఖం దగ్గర గాలి 34, 35 డిగ్రీల వేడితో, చెమటతోనూ శ్వాసతోనూ నిండా తేమ పట్టి ఉంటుంది. ఆ గాలి తనకంటే చల్లగా ఉన్న లెన్స్‌ను తాకగానే తేమ సన్నని బిందువులుగా పేరుకుని వెలుతురును చెదరగొడుతుంది. దీన్ని అడ్డుకునే దారులు మూడు: లెన్స్ లోపలి వైపును చల్లబడనివ్వకపోవడం, తేమగాలిని బయటికి పంపడం, పేరుకున్న నీటిని బిందువులు కాకుండా పలచని పొరలా పరుచుకునేలా చేయడం. పెట్టె మీద రాసే 'యాంటీఫాగ్' చాలాసార్లు ఈ మూడోది మాత్రమే, అంటే ఒక పూత. 2020 నాటి జెడ్87.1 ప్రమాణంలో ఆవిరి నిరోధానికి 'ఎక్స్' అనే అక్షరం చేర్చారు, ఐరోపా ప్రమాణంలో అదే 'ఎన్'. అయితే ఆ పరీక్షలో వేడి నీటి ఆవిరి మీద లెన్స్ 8 సెకన్లు మసకబారకుండా ఉంటే చాలు. కాబట్టి పూత పనిచేస్తుందనడానికి ఆ అక్షరం సాక్ష్యమే తప్ప, తుప్పల్లో చెమటలు కక్కుతూ అరగంట ఆడే పిల్లవాడికి అదే హామీ కాదు.

రెండు పొరల లెన్స్ మీ ఇంటి కిటికీలకున్న జంట అద్దాల్లాంటిది. మధ్యలో చిక్కుకున్న గాలి వల్ల లోపలి పొర ముఖం వేడికి దగ్గరగా ఉంటుంది. డిసెంబరు, జనవరి ఉదయాల్లో ఇది ఇచ్చే ఫలితం మరేదీ ఇవ్వదు, దానికి పెట్టిన డబ్బు దండగ కానే కాదు. మన దగ్గర జులైలో మాత్రం దానికున్న బలం తగ్గుతుంది, ఎందుకంటే బయటి గాలే వేడిగా ఉన్నప్పుడు పొరల మధ్య తేడా పెద్దగా మిగలదు. అప్పుడు గాలి ఆడడమే గతి. ఇంత ఉక్కపోతలో బయటి గాలి వల్ల ఏం లాభం అని అడగవచ్చు. హ్యూస్టన్ వేసవిలో తుషార స్థానం (గాలిలోని తేమ నీటిబిందువులుగా మారే ఉష్ణోగ్రత) 24 డిగ్రీల చుట్టూ ఉంటుంది, లెన్స్ అప్పుడు 30 దాటి ఉంటుంది. అందుచేత ఆ గాలి తనంతట తాను లెన్స్ మీద తేమగా మారలేదు, పైగా లోపలి తేమను మోసుకుపోతుంది. అదే మాస్కును ఏసీ కారులో నుంచి తీసి వెంటనే పెట్టుకుంటే, లెన్స్ 24 కంటే చల్లగా ఉండి బయటి వైపు కూడా మసకబారుతుంది. ఆటకు కనీసం 15 నిమిషాల ముందే మాస్కును నీడలో బయట ఉంచమని మీ అబ్బాయికి అలవాటు చేయించండి.

చాలామంది గమనించనిది ముఖం కింది భాగం. నోటి దగ్గర గట్టి రబ్బరు మాస్కు ఉండి, ముక్కు దగ్గర సందు ఉంటే, వదిలిన ఊపిరంతా నేరుగా గాగుల్స్ లోపలికే పోతుంది. ముక్కు మీద స్పాంజి ఖాళీ లేకుండా కూర్చోవాలి, నోటి దగ్గర మాత్రం గాలి ధారాళంగా పోవాలి. కొనేటప్పుడు ఒక బీబీ చేతిలో పెట్టుకుని మాస్కు రంధ్రాల్లో దూరుతుందేమో చూడండి. పెయింట్‌బాల్ మాస్కుల్లో కొన్నింటి నోటి దగ్గరి చీలికలు 6 మిల్లీమీటర్ల గుళికను లోపలికి వదులుతాయి, పళ్లు విరుగుతాయి.

కంటి డాక్టరు, ఆస్టిన్:

ఇనుప జాలీ గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను. ఆవిరి పట్టదన్న మాట నిజమే. అయితే బీబీ జాలీకి తగిలి పగిలితే ఆ ముక్కలు, పొడి లోపలికి వస్తాయి. త్వరగా మట్టిలో కలిసిపోయే రకం గుళికలు పెళుసుగా ఉంటే ఈ బెడద మరీ ఎక్కువ. అందుకే చాలా మైదానాలు కళ్ల ముందు జాలీని ఒప్పుకోవు, ఒప్పుకున్నా పిల్లలకు నేను వద్దంటాను. కంటి చుట్టూ ఉన్న ఎముక పెద్ద ఆటబంతిని ఆపగలదు కానీ 6 మిల్లీమీటర్ల గుళికను ఆపలేదు, అది నేరుగా కనుగుడ్డుకే తగులుతుంది. కంటి ముందు గదిలో రక్తం చేరడం, శుక్లం రావడం, రెటీనా దెబ్బతినడం ఇలాంటి గాయాల్లో మేము చూసేవే. నొప్పి తగ్గిపోయిన కొన్నేళ్లకు కూడా గ్లకోమా బయటపడవచ్చు కనుక, పొరపాటున కంటికి తగిలితే చూపు బాగానే ఉన్నా అదే రోజు చూపించాలి.

కళ్లజోడు విషయంలో ఒక మాట. రోజూ పెట్టుకునే జోడు ఏ మాస్కుకూ ప్రత్యామ్నాయం కాదు. మాస్కు లోపల పెట్టుకుంటే ఆవిరి పట్టే అద్దాలు ఒకటి కాదు రెండవుతాయి, జోడు రెండు వైపులా మసకబారుతుంది. అందువల్ల లోపల ఖాళీ ఎక్కువగా ఉండే మాస్కు కావాలి. డై ఐ4 లాంటి ఇరుకైన వాటిలో ఫ్రేమ్ లెన్స్‌కు తగులుతుంది. వాడుకోగల పరిశుభ్రత ఉన్న పిల్లవాడైతే, ఆట రోజులకు మాత్రం రోజువారీ కాంటాక్ట్ లెన్సులు ఇవ్వడం గురించి మీ కంటి డాక్టరును అడగండి. 14 ఏళ్ల వయసు దానికి అడ్డేమీ కాదు.

కేటీ నివాసి:

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. జాలీ ఆలోచన ఇంతటితో మానుకున్నాను. కాంటాక్ట్ లెన్సుల గురించి డాక్టరుతో మాట్లాడుతాను, అవి అలవాటయ్యే వరకు కళ్లజోడుతోనే ఆడాలి. అలాంటప్పుడు ఫ్యాన్ ఉన్నది తీసుకోవాలా? ఇంకా, కొన్న తర్వాత లెన్స్‌ను ఎలా తుడవాలో కూడా చెప్పండి. వాడు దేన్నైనా చొక్కా అంచుతో తుడిచేస్తాడు.

ఫోర్ట్ బెండ్ అన్నయ్య:

ముందు ఫ్యాన్ కొనకండి. జేటీ ప్రోఫ్లెక్స్ వంటి, కళ్లజోడు పట్టే మాస్కును రెండు పొరల లెన్స్‌తో తీసుకుంటే మీరు చెప్పిన మొత్తంలోనే వస్తుంది. దుకాణానికి అబ్బాయిని జోడుతో సహా తీసుకెళ్లి, పెట్టుకుని కాసేపు నేల మీద వంగి లేచి చూడమనండి. కణతల దగ్గర జోడు కాడ వల్ల స్పాంజి పైకి లేస్తే ఆ సందు ప్రమాదకరం, ఆ మాస్కు వదిలేయండి. వేసవిలో అప్పటికీ ఆవిరి పడితే ఎక్స్‌ఫాగ్ వంటి చిన్న ఫ్యాన్‌ను విడిగా తగిలించుకోవచ్చు. దాని గొట్టం గాగుల్స్ అంచు నుంచి తేమగాలిని లాగేస్తుంది, ఫ్యాన్ నడుముకో వీపుకో ఉంటుంది కాబట్టి చెవి దగ్గర మోత పెద్దగా ఉండదు. గొట్టం కోసం లెన్స్‌కు గానీ ఫ్రేమ్‌కు గానీ సొంతంగా రంధ్రం పెట్టవద్దు.

తుడవడం గురించి చాలా గట్టిగా చెప్పాలి. పూత ఉన్నది లోపలి వైపే, దాన్ని పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడి పూత లేచిపోతుంది. బయటి వైపు దుమ్మును ముందు తడిపి, తర్వాత మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో అద్దండి. లోపలి వైపు తడిగుడ్డతో సుతారంగా ఒత్తి, నీడలో దానంతటదే ఆరనివ్వండి. రెండు పొరల లెన్స్‌ను నీళ్లలో ముంచకూడదు, అంచు స్పాంజి గుండా నీరు మధ్యలోకి చేరితే ఇక బయటికి రాదు. ఇంట్లో కిటికీలకు కొట్టే అమ్మోనియా ద్రావణం, అసిటోన్ దగ్గరికి కూడా రానివ్వవద్దు. లెన్స్ తయారయ్యే పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌లో అవి కంటికి కనబడని పగుళ్లు తెస్తాయి, చూడడానికి నిగనిగలాడుతున్న లెన్సే దెబ్బకు విరిగిపోతుంది. కళ్లజోడుకు మాత్రం ఆటకు ముందు రెండు వైపులా యాంటీఫాగ్ ద్రవం రాయండి. జోడు కొన్న చోట అడిగితే దాని మీదున్న కోటింగ్‌కు ఏది సరిపడుతుందో చెబుతారు.

మాస్కు పెట్టుకునే ఆటకు ఒక నియమం ముందే ఇంట్లో చెప్పి పంపండి: చూపు మసకబారితే చెయ్యి పైకెత్తి 'హిట్' (నాకు తగిలింది, తప్పుకుంటున్నా) అని అరిచి, రెండో చేత్తో మాస్కును ముఖానికి అదిమి పట్టుకుని సేఫ్ జోన్ దాకా నడిచి రావాలి. ఆ రౌండ్ పోతుంది, పోనివ్వండి. మైదానం రెఫరీకి కూడా ఈ మాట ముందుగా చెప్పి ఉంచితే, వాడు చెయ్యెత్తగానే దారి చూపించి బయటికి తీసుకొస్తారు.