వెలిగొండల ఎర్రచందనం: విడిపోయిన గుంపుల అధ్యయనానికి ఏ మార్కర్లు వాడాలి?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని, ఉదయగిరి):
అందరికీ నమస్కారం. పెంచలకోన, ఉదయగిరి, గిద్దలూరు వైపు అడవుల్లో మిగిలిన ఎర్రచందనం గుంపుల మధ్య పుప్పొడి, విత్తనాల రాకపోకలు ఇంకా ఉన్నాయా, లేక ఒక్కో గుంపులోని చెట్లు తమలో తామే సంపర్కం చెందుతున్నాయా అన్నది తేల్చాలనుకుంటున్నాను. ఇందుకు చెట్ల మధ్య జన్యు తేడాలను చూపే డీఎన్ఏ గుర్తులు (మార్కర్లు) కావాలి. తక్కువ ఖర్చులో అయిపోతుందని కొందరు ఐఎస్ఎస్ఆర్ పద్ధతిని (పునరావృతాల మధ్యనున్న డీఎన్ఏ ముక్కలను పట్టీలుగా చూపేది) సూచిస్తున్నారు. మైక్రోశాటిలైట్లను (కొన్ని డీఎన్ఏ అక్షరాలు వరుసగా పునరావృతమయ్యే చోట్లను) మార్కర్లుగా కొత్తగా తయారు చేసుకోవడం అంత అవసరమా?

జవాబు 1 (అధ్యాపకుడు, నెల్లూరు):
అవసరమేనమ్మా. ఐఎస్ఎస్ఆర్‌లో పట్టీ కనిపించిందంటే ఆ జన్యురూపం (అల్లీల్) ఒక ప్రతి ఉన్నదా రెండున్నవా అన్నది తెలియదు. అంతఃప్రజననం (దగ్గరి బంధువుల మధ్య సంపర్కం) బయటపడేదేమో విషమయుగ్మజాల (తల్లి, తండ్రి నుంచి వేర్వేరు జన్యురూపాలు వచ్చిన చెట్ల) కొరతలోనే. మైక్రోశాటిలైట్‌లో తల్లి నుంచి వచ్చినదీ తండ్రి నుంచి వచ్చినదీ రెండూ విడిగా కనిపిస్తాయి. ఒకప్పుడు వీటి కోసం నెలల తరబడి క్లోనింగ్ చేయవలసి వచ్చేది. ఇప్పుడు ఒక్క చెట్టు డీఎన్ఏను పైపైన సీక్వెన్సింగ్ చేయించి, పునరావృతాలను కంప్యూటరుతో వెతికి, వాటికి ఇరువైపులా ప్రైమర్లు (అక్కడ అతుక్కుని ఆ భాగానికి నకళ్లు తీయించే చిన్న డీఎన్ఏ ముక్కలు) రూపొందించుకోవచ్చు. రెండక్షరాల పునరావృతాలు డీఎన్ఏ నకళ్లు తీసే పీసీఆర్‌లో జారి చదవడానికి ఇబ్బంది పెడతాయి కాబట్టి మూడు, నాలుగు అక్షరాలవి ఎంచుకోండి. నలభై ప్రైమరు జతలతో మొదలుపెడితే పది పన్నెండు నిలిచినా సంతోషించాలి. అంతకంటే ముందు వేగి వంటి దగ్గరి జాతుల ప్రైమర్లు పనిచేస్తాయేమో చూడండి.

జవాబు 2 (అడవుల్లో నమూనాలు సేకరించిన వ్యక్తి, గిద్దలూరు):
మార్కర్లు ఎంత మంచివైనా నమూనా తప్పితే ఫలితం తప్పుతుంది. నరికిన మోడు నుంచి ఎర్రచందనం మళ్లీ చిగురిస్తుంది. ఒకే మోడు మీది రెండు కొమ్మలను రెండు చెట్లుగా లెక్కించకండి. ఆకులను సిలికా జెల్‌లో వెంటనే ఆరబెట్టండి. ముఖ్యంగా ముదురు చెట్లనూ మొలకలనూ వేరువేరుగా సేకరించండి, ఎందుకంటే ముదురు చెట్లు గుంపులు విడిపోకముందు పుట్టినవి కావచ్చు. వాటిలో పాత వైవిధ్యం అలాగే నిలిచి ఉంటుంది, నష్టం మొదట కనిపించేది మొలకల్లోనే. అటవీశాఖ అనుమతి లేకుండా ఒక్క ఆకు కూడా కోయకూడదు. చెట్ల జీపీఎస్ వివరాలను దయచేసి ఎక్కడా ప్రచురించకండి, దొంగలకు అది దారి చూపినట్టవుతుంది.

జవాబు 3 (ప్రయోగశాల పరిశోధకురాలు, ఒంగోలు):
విషమయుగ్మజాలు తగ్గినంత మాత్రాన అంతఃప్రజననమని తేల్చేయకండి. ప్రైమరు అతుక్కునే చోట మార్పు వచ్చి ఒక జన్యురూపం కనిపించకపోయినా కొరత అలాగే కనిపిస్తుంది. అన్ని మార్కర్లూ ఒకే మాట చెబుతున్నాయా, ఒకటి రెండు మాత్రమే చెబుతున్నాయా అన్నది చూస్తే తేడా తెలుస్తుంది: అన్నీ చెబితే అంతఃప్రజననం కావచ్చు, ఒకటి రెండే చెబితే ప్రైమరు సమస్య కావచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. మొలకలను విడిగా సేకరించాలన్న ఆలోచనే నాకు రాలేదు. అనుమతి దరఖాస్తులో ఈ రోజే చేరుస్తాను.