ప్రాస ఎక్కడ ఉంటుంది: రెండో అక్షరంలోనా, చివరనా?

మొదటి టపా (నాలుగేళ్ల పాప తల్లి)

అందరికీ నమస్కారం. బడి వదిలాక వ్యాకరణం ముఖం చూడలేదు, తప్పులుంటే దిద్దండి. రాత్రిపూట మా పాపకు బొమ్మల పుస్తకాలు చదివి వినిపిస్తుంటాను. నవ్వించే పాటల పుస్తకాలంటే దానికి ప్రాణం. అయితే అన్నీ కాదు. కొన్ని ఈ తీరులో ఉంటాయి (నమూనాకు నేనే అల్లాను, ఏ పుస్తకంలోదీ కాదు):

పిల్లి వచ్చింది
పాలు తాగింది
గోడ దూకింది
పారిపోయింది

ఇలాంటివి చదువుతుంటే పాప పేజీ మూల నలుపుతూ కూర్చుంటుంది. ఇంకొన్ని పుస్తకాలకు మాత్రం నేను చివరి మాట ముందు ఒక్క క్షణం ఆగితే చాలు, ఆ మాట తానే అరిచి చెబుతుంది. మొదటిసారి విన్న పాటలో కూడా! రెండింటిలోనూ ఉన్నది అంత్యప్రాసే కదా, మరి తేడా ఎక్కడ వస్తోంది?

ఇంకో సందేహం కూడా ఉంది. ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం అని మాకు నేర్పారు. పిల్లల పుస్తకాల గురించి మాట్లాడేవారంతా చివరి అక్షరాలనే ప్రాస అంటున్నారు. ఏది సరి?

జవాబు (తెలుగు ఉపాధ్యాయుడు, విశ్రాంతుడు)

అమ్మా, రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. మొదటిదానికి జవాబు దానిలోనే దొరుకుతుంది.

ఛందస్సులో ప్రాస అంటే మీరు చదువుకున్నదే. పాదంలో రెండో అక్షరంలోని హల్లు నాలుగు పాదాల్లోనూ ఒకటే ఉండాలి, దాని మీద అచ్చు ఏదైనా ఉండవచ్చు. దాని ముందున్న అక్షరం మొదటి పాదంలో గురువైతే అన్నింటా గురువు, లఘువైతే అన్నింటా లఘువు. కందానికీ వృత్తాలకూ ఇది తప్పనిసరి. ఆటవెలది, తేటగీతి, సీసాలకు ఈ నియమం లేదు. పాదాల చివర వచ్చే పోలిక అంత్యప్రాస. జనం దాన్నీ ప్రాస అనే అంటున్నారు, అననివ్వండి. మాటల పోలీసు ఉద్యోగం నాకు వద్దు.

ఇప్పుడు పిల్లి, బల్లి, చెల్లి, తల్లి, మల్లి అన్న మాటలు చూడండి. అన్నీ రెండక్షరాలవి. రెండో అక్షరమే చివరి అక్షరం. ప్రాస, అంత్యప్రాస రెండూ ఒకే చోట కూర్చున్నాయి. కప్ప, కుప్ప, తెప్ప, గొప్ప అన్నా అంతే. మొదటి అక్షరం మీద అచ్చు మారుతోంది, అయినా మన చెవికి అవి ఒక తల్లి పిల్లలే. ఇంగ్లీషు చెవికి ఇది చాలదు, దానికి ముందు అచ్చు కూడా కలవాలి. ఈ సౌకర్యం మనకు ఉంది కాబట్టి వాడుకోవాలి.

మీ నమూనాలో నడకకు వంక లేదు. ప్రతి పాదమూ 8 మాత్రలు (లఘువు పలికే సేపు ఒక మాత్ర, గురువుకు రెండు), 3+5గా చక్కగా విరుగుతోంది. లోపమంతా చివరనే ఉంది. ‘తాగింది, దూకింది, పోయింది’ అన్నప్పుడు కలిసింది మాట కాదు, మాటకు తగిలించిన ప్రత్యయం. పిల్లి గురించి జరిగిన కథ చెప్పబోతే దాదాపు ఏ క్రియ అయినా ‘ంది’ దగ్గరికే చేరుతుంది. ఎలాగూ వచ్చేదాన్ని చూసి పిల్లలెందుకు ఆశ్చర్యపోతారు?

పేజీ మూల నలిపే మీ పాప మంచి విమర్శకురాలు.

జవాబు (పిల్లల పుస్తకాల అనువాదకురాలు)

మాస్టారూ, నేను రోజూ తల బాదుకునే చోట సరిగ్గా వేలు పెట్టారు. నా వైపు నుంచి ఒక మాట.

మన వాక్యం క్రియతో ముగుస్తుంది. బొమ్మలో కనిపించేది మాత్రం నామం: కప్ప, గొడుగు, బల్లి. క్రియను చివర పెట్టి ప్రాస కలిపితే పాపకు ఊహించడానికి ఆధారం ఉండదు, ‘దూకింది’ అన్న మాటకు బొమ్మలో ముక్కూ మొహమూ లేవు. నామాన్ని చివరకు తెస్తే బొమ్మ సగం జవాబు చెబుతుంది, చెవి మిగతా సగం చెబుతుంది. మీ పాప మొదటిసారి విన్న పాటను కూడా పూర్తి చేయడానికి కారణం అదే అనుకుంటాను.

నేను రాసుకున్న ఒక ముక్క:

గోడమీద పిల్లి
గోడకింద బల్లి
బల్లి చూసి పిల్లి
పిల్లి చూసి బల్లి
నడుమ చిట్టి చెల్లి
మూడు నోళ్ల కెవ్వు!

మూడేసి మాత్రలుగా నడుస్తుంది: గోడ, మీద, పిల్లి, తర్వాత ఒక ఊపిరి. చదివేవారు ఆ ఊపిరిని మింగేయకూడదు, పిల్లలు మాట విసిరేది ఆ ఖాళీలోనే. ‘చెల్లి’ దగ్గర పేజీ తిప్పాలి. తిప్పాక వచ్చే ‘కెవ్వు’ ప్రాసకు కావాలనే ఎగనామం పెడుతుంది. ఐదుసార్లు ‘ల్లి’ విన్న చెవి ఆరోదానికి సిద్ధంగా ఉంటుంది కాబట్టి అది రాకపోవడమే నవ్వు. (గోడమీద పిల్లి పెద్దలకు సామెత. పిల్లలకు అది గోడ మీద ఉన్న పిల్లి, అంతే.)

అనువాదంలో బాధ వేరు. బొమ్మ అప్పటికే వేసి ఉంటుంది. ఇంగ్లీషులో ఒకే అచ్చుతో ముగిసే పొట్టి మాటలు కుప్పలు కాబట్టి పిల్లికీ టోపీకీ చాపకూ (క్యాట్, హ్యాట్, మ్యాట్) సులువుగా జత కుదురుతుంది. నేను పిల్లి తల మీద టోపీని తుడిచేయలేను కదా. టోపీని ‘కుళ్లాయి’ అని పిలిచి, బొమ్మ మూలన నీటి గొట్టం కనిపిస్తే ‘కుళాయి’ని పట్టుకుని, ‘కుళాయి కింద కుళ్లాయి’ అని ఒకసారి గట్టెక్కాను. మాస్టారి లెక్కలో అది ప్రాస కాదని తెలుసు, ఒకచోట ళ, ఇంకోచోట ళ్ల. కానీ గట్టిగా చదివి చూడండి, నాలుక జారి మీరే నవ్వుతారు.

జవాబు (ఒక సభ్యుడు)

నాకొక అభ్యంతరం ఉంది. క్రియ చివర రావడం తెలుగు స్వభావం. ప్రాస కోసం దాన్ని తలకిందులు చేసి పిల్లలకు వినిపిస్తే వాళ్లకు అలవడేది కృతకమైన తెలుగు కాదా?

జవాబు (అనువాదకురాలు)

మంచి ప్రశ్న, కానీ ఒప్పుకోను. పోయిన కలం కనిపించగానే ఏమంటాం? ‘దొరికింది కలం!’ అంటాం. ఆలస్యంగా వచ్చినవాణ్ని చూసి ‘వచ్చాడండీ మహానుభావుడు’ అంటాం. ‘పోయింది పరువు’, ‘మొదలైంది గోల’, ఇవన్నీ ఇంట్లో రోజూ వినిపించేవే. ఉత్సాహం, కోపం, వెటకారం వచ్చినప్పుడు తెలుగు నామాన్ని చివరకు నెడుతుంది. నవ్వించే పుస్తకంలో ఉండేవి ఈ మూడే కదా! కృతకమయ్యేది ఎక్కడంటే, ‘తినెను రొట్టెను ఎలుక చీకటిన’ అని ఎవరూ అనని వరుసలో మాటలు పేర్చినప్పుడు. ఒక పరీక్ష ఉంది: ఆ వాక్యాన్ని పక్కగదిలోకి వినిపించేలా అరవండి. అరవడానికి ఇబ్బందిగా ఉంటే అది పుస్తకంలోనూ ఉండకూడదు.

జవాబు (ఉపాధ్యాయుడు)

ఆ పరీక్ష బాగుంది, దొంగిలిస్తున్నాను.

చదువు సంగతి కూడా ఒకటి చెప్పాలి. 1983లో లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ అనే పరిశోధకులు ఇంగ్లీషు మాట్లాడే నాలుగైదేళ్ల పిల్లలను తీసుకుని, ఇంకా చదవడం రాకముందే, కొన్ని మాటలు వినిపించి వాటిలో శబ్దం కలవనిది ఏదో చెప్పమన్నారు. అది బాగా పట్టుకున్న పిల్లలు తర్వాతి ఏళ్లలో చదవడంలోనూ వర్ణక్రమంలోనూ ముందున్నారని తేల్చారు. అది ఆ భాష సంగతి, మనకు అచ్చంగా అంటించను. కానీ మన లిపిలో ఉన్న వాటం చూడండి: పిల్లి, బల్లి, చెల్లి అని ఒకదాని కింద ఒకటి రాస్తే, చెవికి కలిసిన ముక్కే కంటికి కూడా అదే ‘ల్లి’గా కనిపిస్తుంది. అదే గుడి, అదే ఒత్తు. ఇంగ్లీషులో ఒకే శబ్దానికి నాలుగు రకాల రాతలు ఉంటాయి. అందుకే చదివేటప్పుడు ప్రాస అక్షరం కింద వేలు పెట్టండి. పాఠం చెప్పవద్దు, ఊరికే వేలు పెట్టండి.

జవాబు (ఒక తాతగారు)

ఇంతసేపూ అందరూ మాట చివరనే పట్టుకు వేలాడుతున్నారు. నవ్వు మాట మొదట్లో కూడా ఉంటుంది నాయనా. అన్నం గిన్నం, పాలు గీలు, చెట్టు గిట్టు. మొదటి అక్షరం తీసి, హ్రస్వమైతే ‘గి’, దీర్ఘమైతే ‘గీ’ పెడతాం. కన్నడంవారూ ‘గి’ అంటారు, తమిళులు ‘కి’ అంటారు. మనవడితో పుస్తకం చదివేటప్పుడు బొమ్మలో ఉన్న ప్రతిదానికీ వాడు జత కట్టాలి. అది మా ఆట. కప్ప గిప్ప, గొడుగు గిడుగు, బాతు గీతు. చివరికి గిన్నె దగ్గర ఇరుక్కున్నాడు. గిన్నె గిన్నె! మళ్లీ మళ్లీ అని చూశాడు, ఎటు తిప్పినా గిన్నే వచ్చింది. నేలమీద దొర్లి నవ్వాడు. ఏ రచయితా ఆ నవ్వు రాయలేదు, భాషే రాసి పెట్టింది.

ఇంకొకటి. మాస్టారికి తెలిసే ఉంటుంది, ద్విరుక్తటకారం. చిన్నయసూరి బాలవ్యాకరణంలో కడాదులని ఒక గుంపు ఉంది. మాట రెండుసార్లు వచ్చినప్పుడు, ముందున్నదానిలో తొలి అచ్చు తర్వాతివన్నీ పోయి ‘ట్ట’ వస్తుంది. పగలు పగలు పట్టపగలు, నడుమ నడుమ నట్టనడుమ, చివర చివర చిట్టచివర, మొదలు మొదలు మొట్టమొదలు. బొమ్మల పుస్తకం చదివేవాడికి ఇంతకంటే ఏం కావాలి? పుస్తకం తెరిస్తే ‘మొట్టమొదట’, కుట్టు దగ్గర ‘నట్టనడుమ’, అట్ట మూసేముందు ‘చిట్టచివర’. ఆ ‘ట్ట’ దగ్గర బల్ల మీద వేలితో కొట్టాలి.

ఈ మాటలు నాలుగు రోజులు విన్నాక మనవడు, బొమ్మలో రెండు పిల్లులు పక్కపక్కన కనిపిస్తే, ‘పిల్లి పిల్లి పిట్టపిల్లి’ అన్నాడు. సూత్రం పేరు వినని నాలుగేళ్లవాడు! ఆపైన ఆ పిల్లులకు పెన్సిలుతో రెక్కలు గీశాడు, పిట్ట కదా మరి. పుస్తకం పాడుచేశాడని వాళ్లమ్మ కోప్పడింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను.

జవాబు (ఉపాధ్యాయుడు)

తాతగారూ, మీ మనవడు కడాదుల్లో ఒక మాట చేర్చాడు. దానికి తోడు ఒకటి చెప్పండి వాడికి: పిట్టపిడుగు. చురుకైన పిల్లలను అలా అంటుంటే చాలామంది అందులో పక్షి ఉందనుకుంటారు. పక్షి లేదు, అది పిడుగు పిడుగు. సూరిగారి జాబితాలో ఉన్నదే. మీ ఇంట్లో మాత్రం ఇక నుంచి పక్షి ఉన్నా తప్పు పట్టను.

జవాబు (అనువాదకురాలు)

శబ్దాల మాటలు కూడా వదలకండి. తుర్రుమని, ధబీమని, బుడుంగుమని, ఠపీమని. అచ్చతెలుగు మాటల్లో ఠ, ఢ, ధ వంటి ఒత్తి పలికే అక్షరాలు అరుదు, కానీ చప్పుళ్లు అనుకరించబోతే మాత్రం ఢాం, ధబేలు, ఠంగు అని ఎక్కడినుంచో ఊడిపడతాయి. ‘కింద పడింది’ అని రాసి ఊరుకున్న పుస్తకం కనిపిస్తే నేను చదివేటప్పుడు మధ్యలో ‘ధబేలుమని’ చేర్చేస్తాను. రచయిత క్షమించాలి.

ఒక్క హెచ్చరిక. బొమ్మల పుస్తకాలు చాలావరకు 32 పేజీలు. పెద్ద కాగితం మడిచి కోస్తే పేజీలు 8, 16 లెక్కన వస్తాయి కాబట్టి ఆ సంఖ్య నిలబడింది. పేరు పేజీ వంటివి పోతే కథకు మిగిలేది పద్నాలుగు జతల పేజీలో, అంతకు తక్కువో. ప్రతి జతకూ రెండు పాదాలనుకున్నా మొత్తం ఇరవై ఎనిమిది పాదాలు. అన్నింటినీ ‘ల్లి’తో నింపితే మూడో పేజీకే విసుగు పుడుతుంది. మాట మారాలి, నడక మారకూడదు. తెలుగులో వచ్చే కొన్ని పుస్తకాలలో ఇది తిరగబడి ఉంటుంది: చివర ‘ంది’ మారదు, నడక మాత్రం ఒక పాదంలో 8 మాత్రలు, మరో పాదంలో 13. చదివేవారి ఊపిరి పట్టుతప్పుతుంది.

జవాబు (పాప తల్లి)

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి అనువాదకురాలి గారి పిల్లీ బల్లీ పాటను కాగితం మీద రాసి, చేతనైన బొమ్మలు వేసి, మధ్యలో మడిచి చదివాను. ఊపిరి ఖాళీలు వదిలాను. ‘పిల్లి’, ‘బల్లి’ రెండూ పాపే చెప్పింది. ‘చెల్లి’ దగ్గర తనను తానే చూపించుకుంది, చెల్లెలు ఎవరూ లేకపోయినా.

కాగితం తిప్పి ‘మూడు నోళ్ల...’ అని ఆగి, ‘కెవ్వు!’ అని అరిచాను. నవ్వలేదండీ. నా ముఖం, కాగితం మార్చి మార్చి చూసి, ‘అమ్మా, తప్పు చదివావు’ అంది. కాదమ్మా, ఇక్కడ అలాగే ఉంది చూడు అని వేలు పెట్టి చూపించాను. ఒప్పుకోలేదు. కాసేపు పెదవులు కదుపుతూ ఆలోచించి తానే చదివింది:

‘మూడు నోళ్ల లొల్లి!’

ఆ మాట దానికి ఎవరు నేర్పారో నాకు తెలియదు. మాత్రలు లెక్కపెట్టి చూశాను మాస్టారూ, సరిగ్గా మూడు.