సర్వర్ ట్యాగింగ్‌కు స్టాటిక్ ఐపీ పెట్టాను, అయినా 403 (అనుమతి లేదు) వస్తోంది. ఎవరైనా చూడండి

కావలి కుర్రోడు: పొద్దున తొమ్మిదికి కూర్చున్నా, ఇప్పుడు సాయంత్రం ఆరు. అన్నం కూడా సరిగ్గా తినలేదు. మా క్లయింట్ ఉదయగిరి చెక్క గరిటెలు ఆన్‌లైన్‌లో అమ్ముతారు. సైట్‌లో ఆర్డర్ల సమాచారం ముందు మా సర్వర్‌కు వచ్చి, అక్కడి నుంచి అనలిటిక్స్‌కూ ఆర్డర్ల సాఫ్ట్‌వేర్‌కూ పోతుంది, అదే సర్వర్ ట్యాగింగ్. ఆర్డర్ల సాఫ్ట్‌వేర్ వాళ్లు "మీ సర్వర్ ఐపీ చెప్పండి, దాన్నొక్కదాన్నే లోపలికి రానిస్తాం" అన్నారు. గూగుల్ క్లౌడ్‌లో స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ చిరునామా) తీసుకుని ఇచ్చాను. అయినా 403. ఐపీ కరెక్టే, చెక్ చేశాను. రేపు పొద్దున్నే క్లయింట్ నెల్లూరు నుంచి వస్తున్నారు. టెన్షన్‌గా ఉంది.

మాగుంట లేఅవుట్: సర్వర్ గూగుల్‌లో దేని మీద నడుస్తోంది, క్లౌడ్ రన్నా, యాప్ ఇంజనా? ఏ రీజియన్, అంటే గూగుల్ సెంటర్ ఏ చోటిది? ఐపీ దేనికి తగిలించారు? ఎలా చెక్ చేశారు?

ఒంగోలు సీనియర్: అసలు ఐపీ చూసి లోపలికి రానివ్వడమే పాత పద్ధతి బాబూ. ఆ ఐపీ వెనక ఎవరున్నా తలుపు తెరుచుకుంటుంది. టోకెన్ (రహస్య కోడ్) అడగండి, ప్రతి రిక్వెస్ట్‌కూ డిజిటల్ సంతకం పెట్టించండి. పైగా కొనేవాళ్ల ఫోన్ నంబర్లు పంపుతున్నారేమో, 2023 డేటా రక్షణ చట్టం ఒకసారి చదవండి. మన కుర్రాళ్లు ముందు ట్యాగ్ (సమాచారం పంపే కోడ్) పెట్టేసి, కొనేవాళ్ల అనుమతి సంగతి తర్వాత చూస్తారు.

కావలి కుర్రోడు: సార్, టోకెన్ ఉంది. ఐపీ కూడా కావాలంటున్నారు, నేనేం చేయను? @మాగుంట లేఅవుట్, క్లౌడ్ రన్. గూగుల్ ట్యాగ్ మేనేజర్‌లో ఆటోమేటిక్ నొక్కితే అదే పెట్టింది, యూఎస్ సెంట్రల్ 1 అని ఉంది. ఐపీ లోడ్ బ్యాలెన్సర్‌కు (వచ్చే రిక్వెస్టులను సర్వర్‌కు అందించేదానికి) పెట్టాను. మా ట్యాగింగ్ డొమైన్‌ను పింగ్ చేస్తే ఆ ఐపీనే వస్తోంది.

మాగుంట లేఅవుట్: ఈ ముక్క మొదటే చెప్పాల్సింది. అది లోపలికి వచ్చే ఐపీ. బయటికి వెళ్లేది వేరు.

కావలి కుర్రోడు: సర్వర్ ఒకటే కదా అన్నా, రెండు ఐపీలేంటి?

దర్గామిట్ట: మీ ఇంటి చిరునామా కావలిదే. కానీ ఉత్తరం నెల్లూరు డబ్బాలో వేస్తే దాని మీద నెల్లూరు ముద్రే పడుతుంది. వాళ్లు చూస్తున్నది ఆ ముద్రను. క్లౌడ్ రన్ ఊరికే వదిలేస్తే గూగుల్ దగ్గరున్న ఐపీల్లో ఏదో ఒకదాని నుంచి బయటికి పోతుంది, రేపు ఇంకొకటి. ముద్ర ఒకటే పడాలంటే క్లౌడ్ నాట్ (బయటికి పోయేవి ఒకే ఐపీ మీద పంపేది) పెట్టాలి. ఒక వీపీసీ (మీ సొంత ప్రైవేట్ నెట్‌వర్క్), అందులో సబ్‌నెట్ (దానిలో ఒక భాగం), క్లౌడ్ రౌటర్, దాని మీద నాట్, నాట్‌కు మీ స్టాటిక్ ఐపీ. తర్వాత క్లౌడ్ రన్‌ను ఆ సబ్‌నెట్‌కు కలపండి. ఇప్పుడు నేరుగా కలపొచ్చు, మధ్యలో వంతెన లాంటి కనెక్టర్ అక్కర్లేదు. కనెక్టర్ పెడితే కనీసం రెండు మెషీన్లు ఎప్పుడూ నడుస్తుంటాయి, బిల్లు పడుతుంది.

ఒంగోలు సీనియర్: ఆ ఐపీని స్టాటిక్ అనకూడదు, రిజర్వ్డ్ అనాలి. తీసుకుని వాడకుండా వదిలేసినా డబ్బు కట్టాలి.

దర్గామిట్ట: సార్, గూగుల్ కన్సోల్‌లోనే స్టాటిక్ అని రాసుంది.

ఒంగోలు సీనియర్: రాసున్నంత మాత్రాన సరైనదయిపోతుందా?

కావలి కుర్రోడు: నాట్ పెట్టేచోట నా ఐపీ లిస్టులో కనిపించడంలేదు! గంట నుంచి వెతుకుతున్నా.

మాగుంట లేఅవుట్: గ్లోబల్ ఐపీ తీసుకున్నారు. నాట్‌కు రీజనల్ (ఒక్క రీజియన్‌కే చెందినది) కావాలి. సబ్‌నెట్, రౌటర్, ఐపీ అన్నీ క్లౌడ్ రన్ ఉన్న రీజియన్‌లోనే. మనకు దగ్గర కదా అని ముంబైలో పెడితే కలవదు.

కావలి కుర్రోడు: నిజమే, గ్లోబల్. కొత్తది తీసుకున్నాను. కలిసింది. ఇప్పుడూ 403.

దర్గామిట్ట: కొత్త ఐపీ వాళ్లకు ఇచ్చారా?

కావలి కుర్రోడు: ఇచ్చాను. పెట్టేశామని చెప్పారు. నా ఐపీ ఏంటో చూపించే సైట్ తెరిచి చూస్తే ఇంకేదో నంబర్ వస్తోంది.

మాగుంట లేఅవుట్: బ్రౌజర్‌లో తెరిస్తే వచ్చేది మీ ఇంటి ఇంటర్నెట్ ఐపీ. ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ల లాగ్‌లో ఏ ఐపీ పడిందో అడగండి.

దర్గామిట్ట: క్లౌడ్ రన్ నెట్‌వర్కింగ్‌లో ట్రాఫిక్ సెట్టింగ్ చూడండి. ప్రైవేట్ ఐపీలకు (నెట్‌వర్క్ లోపలివాటికి) వెళ్లేది మాత్రమే వీపీసీ గుండా అని ఉంటుంది. మొత్తం ట్రాఫిక్ అని మార్చండి. అప్పుడు అనలిటిక్స్‌కు పోయేది కూడా ఆ దారినే వెళ్తుంది, నాట్‌లో జీబీ లెక్కన ఛార్జీ ఉంది. గరిటెల షాపుకు పెద్ద భారం కాకపోవచ్చు గానీ క్లయింట్‌కు ముందే చెప్పండి.

కావలి కుర్రోడు: వచ్చింది, 200 (ఓకే). థ్యాంక్స్ అన్నా. ట్యాగ్‌లు పరీక్షించి చూసే ప్రివ్యూ సర్వర్ వేరే సర్వీస్‌గా కనిపిస్తోంది, దానికీ ఇదంతా చేయాలా?

ఒంగోలు సీనియర్: టోకెన్ ఎన్నాళ్లకోసారి మారుస్తున్నారు?