సిన్స్, ఫర్: రెంటికీ మన ‘నుంచి’ ఒకటే, పిల్లోళ్లకు ఎట్లా చెప్పాలి?

అందరికీ నమస్కారం. మాది కడప జిల్లా ప్రొద్దుటూరు. సాయంత్రం పూట పదో తరగతి పిల్లోళ్లకు ఇంగ్లీషు ట్యూషన్ చెప్తుంటాను.

‘2019 నుంచి ఈడే ఉన్నాం’, ‘ఐదేండ్ల నుంచి ఈడే ఉన్నాం’. మనకు రెండిట్లోనూ ‘నుంచే’ కదా, అందుకే ‘సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అని రాసేస్తారు. మొదలైన సమయానికి సిన్స్, గడిచిన కాలానికి ఫర్ అంటే ఇట్టే పట్టుకుంటారు. అంతవరకు ఇబ్బంది లేదు.

చిక్కంతా క్రియతోనే. ‘ఐ వర్క్‌డ్ ఇన్ కడప ఫర్ త్రీ ఇయర్స్’ అంటే ఆ పని అయిపోయింది. ‘ఐ హ్యావ్ వర్క్‌డ్’ అంటే మామూలుగా ఇంకా చేస్తున్నట్టే. మరి ‘సిన్స్ 2019’ పక్కన ఉత్త ‘ఐ వర్క్‌డ్’ ఎందుకు కుదరదు? రూలంతే అంటే మా వెనక వరస పిల్ల ఊరుకోదు, బలే మొండిది. పైగా ‘సిన్స్ ఇట్ ఈజ్ రైనింగ్’ అన్నప్పుడు సిన్స్‌కు ‘కాబట్టి’ అనే అర్థం. అక్కడ ఈ లెక్కే పనిచేయదు.

వాక్యం చూడగానే ఏ సిన్స్ ఏదో ఎట్లా గుర్తుపట్టాలి? తెలుగు ఉదాహరణలతో చెప్పగలిగిన అక్కలు, అన్నలు కాస్త వివరించండి. గ్రామర్ పుస్తకాల పేర్లు మాత్రం వద్దు, అవి ఇంటినిండా ఉన్నాయి.