వాడితే వట్టిపోయేది ప్రాథమికం, నింపితే నిండేది...?

పాలకొల్లు ప్యాసింజర్: బ్యాటరీ ఘటాల (సెల్లుల) రకాలన్నీ మా సైన్సు మాస్టారు ఒక్క వాక్యంలో తేల్చేసేవారు. "వాడితే వట్టిపోయేది ప్రాథమికం, నింపితే నిండేది..." నాకు అక్కడే ఆగిపోతోంది. గౌణమా, ద్వితీయమా, సంచాయకమా? పాత తెలుగు మీడియం వాళ్లెవరైనా అందుకోండి.

లెక్కల మాస్టారు: గౌణమే అయ్యుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ పాఠంలో గౌణ తీగచుట్ట మర్చిపోయారా? నాకు మాత్రం నచ్చని మాట. కారుని లేపే బ్యాటరీని పట్టుకుని అప్రధానం అంటే ఎలా?

నిఘంటువు పురుగు: అప్రధానమని కాదు మాస్టారూ. 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త ప్లాంటే సీసపు రేకులతో మళ్లీ నింపుకునే ఘటం చేసినప్పుడు, దాన్ని నింపడానికి ఇంకో ఘటం ఉండాలి. ముందు అది, తర్వాత ఇది. నా ఓటు సంచాయకానికి. సంచయక అని మాత్రం రాయకండి. నాయక, గాయకల్లాగే దీర్ఘం ఉండాలి.

లెక్కల మాస్టారు: మా బళ్లో పిల్లలు పైసలు దాచుకునే సంచయిక ఉండేది. దాని దీర్ఘం ఎవరు తిన్నారు?

నిఘంటువు పురుగు: అది సంచయం నుంచి వచ్చింది, ఆ దారి వేరు.

తడిపొడి: నా గొడవ అనార్ద్ర ఘటంతో, అదే డ్రై సెల్లు. ఆర్ద్రమంటే తడి, అనార్ద్రమంటే తడి లేనిది. చాలామంది 'అనార్ధ్ర' అని ఒత్తేస్తారు, అక్కడ ఒత్తు లేదు. మాట ఒప్పే, అర్థమే అబద్ధం. లోపల నవాసాగరం (అమ్మోనియం క్లోరైడు) ముద్ద తడిగా ఉంటేనే ఆ 1.5 వోల్టులు.

నిఘంటువు పురుగు: 'నిర్జల ఘటం' ఇంకా పెద్ద అబద్ధం. ఏకాదశి ఉపవాసమా ఏమన్నానా!

టార్చిలైటు: రేడియో గొంతు పూడుకుపోతే మేం సెల్లులు తీసి ఎండలో పెట్టేవాళ్లం, ఇంకో పూట వార్తలొచ్చేవి. పొడి ఘటాన్ని ఆరబెట్టడమేమిటని అప్పుడు తోచనేలేదు.

కాకినాడ కాజా: ఆర్ద్ర అనగానే ఆరుద్ర గారు గుర్తొచ్చారు. భాగవతుల సదాశివశంకర శాస్త్రి అంటే ఎంతమందికి తెలుసు? నక్షత్రం పేరే నిలిచింది. తొలకరికి చేలో కనబడే ఎర్ర పురుగుదీ అదే పేరు. అంత తడి ఉన్న మాటకి 'అన్' తగిలించి జింకు డబ్బాలో పెట్టారు.

లెక్కల మాస్టారు: ఆరుద్రని లాగారా, ఇక తెల్లారినట్టే. అంత్యప్రాసంటే ఆయనదే!

తడిపొడి: ఇంగ్లీషులో సెల్లంటే గది, మనవాళ్లు కుండ చేశారు. లేడెన్ జాడీలు (విద్యుత్తు దాచే గాజు సీసాలు) చూసి పెట్టారని నా ఊహ. ఫ్రాంక్లిన్ బ్యాటరీ అన్నది ఆ జాడీల వరసనే కదా.

లెక్కల మాస్టారు: జాడీ కెపాసిటరండీ, ఘటం కాదు. కుండే కావాలంటే డేనియల్ ఘటం చూడండి, మధ్యలో నిజంగానే మట్టిపాత్ర. 1866లో లెక్లాంచి కూడా అలాంటిదే పెట్టాడు.

పాలకొల్లు ప్యాసింజర్: మరి నింపితే నిండేది...?

కాకినాడ కాజా: ప్రాథమికంతో ప్రాస కుదిరేదే అయ్యుంటుంది. సంచాయకం!

లెక్కల మాస్టారు: మీ మాస్టారిది ఏ జిల్లా? గౌణాన్ని 'గవుణం' అనేవారా?