‘ఆత్మరక్షణ’ అన్న మాటలో బిడ్డకు చోటుందా?

సభ్యులందరికీ నమస్కారం. కూతురిపై అఘాయిత్యం చేస్తున్నవాణ్ని తండ్రి కొట్టి చంపితే దాన్ని ‘ఆత్మరక్షణ’ అని రాయవచ్చా, దాడి జరిగింది అతని మీద కాదు గదా, అలాంటప్పుడు అతనిపై కేసు పెట్టడం న్యాయమేనా అని మొన్న ఒక మిత్రులు ఇక్కడ అడిగారు. ప్రశ్నలు రెండుగా కనిపించినా, మొదటిదాని ముడి విప్పితే గాని రెండోదానికి జవాబు దొరకదని నా నమ్మకం.

ఆత్మరక్షణ షష్ఠీ తత్పురుషం, అంటే ‘ఆత్మ యొక్క రక్షణ’ అని విడదీసుకోవలసిన సమాసం. ఆత్మకథ, ఆత్మస్తుతి, ఆత్మహత్య అన్న మాటల్లో లాగే ఇక్కడ కూడా ఆత్మ అంటే ‘తాను’ అనే అర్థం. ‘ఆత్మా వై పుత్రనామాసి’ అన్న వాక్యాన్ని చూపి, బిడ్డ కూడా తానే కాబట్టి మాట సరిపోతుందని ఇద్దరు సభ్యులు వాదించారు. నన్నయ భారతంలో శకుంతల నిండు సభలో దుష్యంతుడితో, దీపం నుంచి మరో దీపం పుట్టినట్లు ఈ కొడుకు నీ నుంచి పుట్టాడని చెప్పే ఘట్టం గుర్తున్నవారికి ఆ వాదన హృద్యంగానే ఉంటుంది. అయితే చట్టానికి అంత దూరం పోవలసిన పని లేదు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 96 నుంచి 106 వరకు గల సెక్షన్లు గాని, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 34 నుంచి 44 వరకు గల సెక్షన్లు గాని, తన దేహాన్నే కాక ‘మరే ఇతర వ్యక్తి’ దేహాన్నైనా కాపాడే హక్కును గుర్తిస్తాయి. అంటే ఆపదలో ఉన్నది కన్నబిడ్డయినా, పక్కింటి బిడ్డయినా, దారిన పోయే అపరిచితుడైనా హక్కు ఒక్కటే. ఆంగ్ల చట్టపాఠంలో దీని పేరు ‘రైట్ ఆఫ్ ప్రైవేట్ డిఫెన్స్’. అందులోని ‘ప్రైవేటు’ అన్న మాటకు ‘తన సొంత’ అని అర్థం కాదు. రాజ్యం చేయవలసిన రక్షణను, రాజ్యం దగ్గరలో లేని క్షణంలో మామూలు మనిషి చేయడమని అర్థం. దాన్ని మనం ‘ఆత్మరక్షణ’ అని తెలుగు చేసుకున్నప్పుడే హక్కులో సగం జారిపోయింది.

ఇంకొక పొరపాటు దీనికంటే చేటైనది. ఇలాంటి తండ్రి విడుదలైతే ‘క్షమించి వదిలేశారు’ అనో, ‘శిక్ష తప్పించుకున్నాడు’ అనో రాస్తున్నాం. చట్టం క్షమించడం లేదు. ఆ హక్కును వాడుకుంటూ చేసిన పని అసలు నేరమే కాదంటోంది. తప్పు చేసినవాణ్ని క్షమిస్తాం. తప్పు చేయనివాణ్ని క్షమించామని చెప్పడం అతనికి చేసే అన్యాయం.

మాట మారితే కేసు ఎలా మారుతుందో నా అనుభవంలోంచి ఒకటి చెబుతాను. నేను కొన్నేళ్లపాటు కోర్టు వాంగ్మూలాల ఆంగ్లానువాదాలను సరిచూసే పని చేశాను. ఒక తల్లి పెరట్లో ఎండుమిరపకాయలు దంచుతుండగా, గోడ దూకి వచ్చినవాడు ఆమె పిల్లను జబ్బ పట్టుకుని ఈడ్చుకుపోబోయాడు. ఆమె చేతిలో ఉన్న రోకలితోనే కొట్టింది. వాడి భుజం విరిగింది. ఆమె చెప్పిన మాటలు ఇవి: “నాకు ఒళ్లు తెలియలేదయ్యా. పిల్ల చెయ్యి వాడి చేతిలో ఉంది, విడిపించుకోవాలనే చూశాను.” కాగితం మీద ఉన్న ఆంగ్ల వాక్యాన్ని తిరిగి తెలుగులోకి తెస్తే ‘కోపంతో నిగ్రహం కోల్పోయి కొట్టాను’ అవుతుంది. రెండో వాక్యం అసలు లేనే లేదు. ‘ఒళ్లు తెలియలేదు’ అన్న పలుకుబడిలో కోపమే ఉండాలన్న నియమం లేదు. ఒళ్లు తెలియని జ్వరం ఉంది, ఒళ్లు తెలియని నిద్ర ఉంది, ఒళ్లు తెలియని భయమూ ఉంది. ఆమెది భయం. కోపమని రాస్తే అది ఆకస్మిక ప్రకోపం (ఎదుటివాడు రెచ్చగొట్టగా నిగ్రహం కోల్పోవడం) కిందికి పోతుంది, ప్రకోపం శిక్షను తగ్గిస్తుందే గాని నేరాన్ని తుడిచివేయదు. భయమని, విడిపించుకోవడానికని రాస్తే అది రక్షణ హక్కు. నేను పెన్సిలుతో గుర్తు పెట్టి పైవారికి చూపించాక ఆ రెండో వాక్యాన్ని చేర్చారు. చూడకపోయి ఉంటే అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

ఇక హద్దుల సంగతి. అవసరానికి మించిన హాని చేయకూడదు, పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉంటే ఈ హక్కు వర్తించదు, ఆపద ఉందన్న సహేతుకమైన భయం మొదలైనప్పుడు హక్కు మొదలై, ఆ భయం ఉన్నంతవరకే నిలుస్తుంది. ప్రాణం తీసేదాకా వెళ్లగల సందర్భాలను న్యాయ సంహిత 38వ సెక్షన్ ఏడుగా చెప్పింది. అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి వాటిలో ఉన్నాయి. బిడ్డను ‘కంటికి రెప్పలా’ కాచుకోవడం అంటాం కదా, రెప్ప పడేది నలుసు కంటిదాకా వస్తున్నప్పుడు. చట్టం అడిగే సమయపాలన కూడా అదే.

2012లో అమెరికాలోని టెక్సాస్‌లో, తన అయిదేళ్ల కూతురిపై అఘాయిత్యం చేస్తూ పట్టుబడినవాణ్ని ఒక తండ్రి చేతులతోనే కొట్టడంతో అతను మరణించాడు. అత్యవసర సహాయానికి ఫోను చేసింది కూడా ఆ తండ్రే. విచారణకు ముందే అభియోగం మోపాలా వద్దా అని తేల్చే పౌరుల బృందమైన గ్రాండ్ జ్యూరీ, అభియోగం మోపడానికి నిరాకరించింది. 1981లో జర్మనీలోని ల్యూబెక్ నగరంలో మరియానె బాఖ్‌మాయర్ అనే తల్లి, తన ఏడేళ్ల కూతుర్ని చంపిన నిందితుణ్ని విచారణ జరుగుతున్న కోర్టు గదిలోనే కాల్చి చంపింది. 1983లో ఆమెకు ఆరేళ్ల శిక్ష పడింది. ఈ రెండింటినీ ‘కన్నవారి ఆవేశం’ అనే ఒకే మాటతో కట్టిపడేస్తే మన భాషకే అవమానం, ఎందుకంటే మనకు కడుపుతీపి, కడుపుకోత, కడుపుమంట అని మూడు వేర్వేరు మాటలు ఉన్నాయి. టెక్సాస్ తండ్రిని నడిపింది కడుపుతీపి. ల్యూబెక్ తల్లిది కడుపుకోత, అది మంటగా మారింది. ఆమె దుఃఖానికి నేను తల వంచుతాను, కాని అక్కడ కాపాడవలసిన బిడ్డ అప్పటికే లేదు. అది ప్రతీకారం, దానిపై విచారణ జరగవలసిందే. కడుపుకోతను లెక్కలోకి తీసుకోవలసిన చోటు శిక్ష ఖరారు చేసే దశ.

మరి మొదటి రకం తండ్రిపై కేసు పెట్టాలా? ఇక్కడ ‘కేసు’ అన్న మాటే మనల్ని తికమక పెడుతోంది. ప్రథమ సమాచార నివేదికా కేసే, అభియోగపత్రమూ కేసే, కోర్టు విచారణా కేసే. ఒక ప్రాణం పోయినప్పుడు నమోదు, దర్యాప్తు తప్పవు, తప్పకూడదు; లేకపోతే హత్య చేసి ‘బిడ్డ కోసం’ అని చెప్పుకునేవారికి దారి తెరిచినట్లే. కాని ఆ క్షణంలో బిడ్డ ఆపదలో ఉందని దర్యాప్తులో తేలాక కూడా అభియోగపత్రం వేసి, ‘కోర్టులో నిరూపించుకో’ అని ఆ మనిషిని ఏళ్ల తరబడి తిప్పడం నాకు సమ్మతం కాదు. గ్రాండ్ జ్యూరీ వంటి దశ మనకు లేదు. రక్షణ హక్కు వంటి మినహాయింపు తనకు వర్తిస్తుందని నిరూపించుకునే భారం నిందితుడిదే. అందువల్ల దర్యాప్తు అధికారి రాసే తెలుగు వాక్యం మీద, దాని అనువాదం మీద ఎంతో ఆధారపడి ఉంది.

‘ఆత్మరక్షణ వద్దంటే ఏ మాట వాడమంటారు?’ అని నిన్న ఒక సోదరి అడిగారు. ‘వ్యక్తిగత రక్షణ’ అంటే అంగరక్షకులు గుర్తొస్తారు, ‘పౌర రక్షణ’ యుద్ధకాలపు ఏర్పాట్లకు ఎప్పుడో స్థిరపడింది. నాకు ‘కాపుదల హక్కు’ నచ్చుతోంది. కాచు ధాతువులో తన్ను కాచుకోవడమూ, ఇతరులను కాచడమూ రెండూ ఇముడుతాయి. మా వైపు పైరు కాపుదల, తోట కాపుదల అనడం విన్నాను గాని, పిల్లల విషయంలో పెద్దగా వినలేదు. మీ మీ జిల్లాల్లో మనుషులకు ఈ మాట వాడుకలో ఉంటే, విన్న వాక్యాన్ని విన్నట్లుగానే ఇక్కడ రాయవలసిందిగా కోరుతున్నాను.