హాస్టల్ డేకి హాస్యనాటిక – మీ అనుభవాలు చెప్పండి

కొత్తటీచర్:
మా బోర్డింగ్ స్కూల్లో ఈసారి హాస్యనాటిక బాధ్యత నా నెత్తిన పడింది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు 12 మంది. మూడు వారాల టైము, 20 నిమిషాల నిడివి. రిహార్సల్‌కి రాత్రి స్టడీ అవర్ అయ్యాక దొరికే అరగంటే దిక్కు. స్క్రిప్టు మనమే రాసుకోవాలా? స్టేజీ మీద పిల్లలు నవ్వేస్తుంటే ఏం చేయాలి? మైకులు ఎన్ని కావాలి? పోయిన ఏడు ఎవరిదో మీసం ఊడి రభస అయిందట, అది సరే.

వెనకబెంచీ:
మీసం సంగతి "అది సరే" అని తేల్చేయకండి టీచర్ గారూ. తొమ్మిదిలో ఉండగా నేను జమీందారు వేషం వేశాను. రెండో డైలాగుకే ఎడమ సగం ఊడి పెదవి మీదికి వేలాడింది. నోరు తెరిస్తే లోపలికి వస్తోంది. ఉఫ్ అని ఊదాను. హాలంతా గొల్లుమంది. మళ్లీ ఊదాను. ఆ తర్వాత కథ ఏమైందో నాకే గుర్తు లేదు. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నా పేరు ఇప్పటికీ "ఉఫ్".

మేకప్‌మామ:
జిగురు రాసిన వెంటనే అంటించి ఉంటారు. స్పిరిట్ గమ్ రాశాక వేలితో తడితే సాగేదాకా ఆగాలి, అప్పుడు నొక్కాలి. అంతకుముందు చెమట, నూనె శుభ్రంగా తుడవాలి. తుడవకపోతే ఏ జిగురూ నిలవదు. 30 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నా.

సైన్సుటీచరమ్మ:
ఆల్కహాల్‌లో కరిగించిన బంక అది. పిల్లల మొహానికి ఎందుకండీ? మా వాడొకడికి పెదవి పైన దద్దుర్లు లేచి, మర్నాడు వాళ్ల నాన్నగారు ఫోన్ చేసి నన్ను దులిపేశారు. కాటుక పెన్సిల్‌తో గీస్తే పోదా?

మేకప్‌మామ:
గీసిన మీసం నాలుగో వరస దాటితే కనపడదు. ముందు రోజు మోచేతి లోపలి వైపు కాస్త రాసి చూస్తే పడుతుందో లేదో తెలిసిపోతుంది. మీరు అది చేయలేదు. అసలు ఆఖరి వరసలో కూర్చుని ఎప్పుడైనా నాటిక చూశారా?

సైన్సుటీచరమ్మ:
ఏటా చూస్తాను. ఆఖరి వరసలో పిల్లలకి కాపలా కాసేది మేమే. ముందు సోఫాల్లో కూర్చునేది మీలాంటి పెద్దలు.

లైట్లబాబు:
జమీందారుకి మీసం ఉండి తీరాలని ఎక్కడైనా రాసి ఉందా? ఓ చేతికర్ర ఇచ్చి నడక మార్చండి. అసలు తలనొప్పి మైకు. స్టేజీ ముందు రెండు స్టాండులు పెడితే పిల్లలు ఒక్కొక్కరే పరుగున వచ్చి, డైలాగు అప్పజెప్పి, వెనక్కి పోయి నిలబడతారు. చేతి మైకు ఇస్తే ఒక చెయ్యి పోయినట్టే, ఇక కామెడీ ఏం చేస్తారు? ముందు ఫ్యాన్లు ఆపించి, మైకు లేకుండా ఆఖరి వరసకి వినపడేలా చెప్పడం నేర్పండి.

రంగస్థలి:
నాటకరంగం మీద పరిశోధన చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. నాట్యశాస్త్రం నవ్వుని ఆరు రకాలుగా విభజించింది: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. మొదటి రెండూ ఉత్తములవి, చివరి రెండూ అధములవి. మీసం ఊడితే వచ్చే నవ్వు ఏ కోవలోదో వేరే చెప్పక్కర్లేదు. స్క్రిప్టు మీరే రాయండి. ఇంగ్లీషులో తొలి కామెడీగా చాలామంది చెప్పే 'రాల్ఫ్ రాయిస్టర్ డాయిస్టర్' 1550 ప్రాంతాల్లో నికొలస్ యుడాల్ రాసింది. ఆయన ఈటన్ బడిలో హెడ్మాస్టరుగా చేసినవాడు. బడి పిల్లల చేత ఆడించడానికే రాశాడంటారు.

వెనకబెంచీ:
అధముడు హాజరు, సార్.

పాతహాస్టలర్:
ఆ హెడ్మాస్టరు పిల్లల్ని బాదే అలవాటు గురించి కూడా చెప్పండి రంగస్థలి గారూ. థామస్ టస్సర్ అనే శిష్యుడు చిన్న తప్పుకే ఒక్కసారిగా 53 దెబ్బలు తిన్నానని పద్యంలో రాసుకున్నాడు. లెక్క పెట్టుకున్నాడు చూడండి, అదీ హాస్టల్ బుర్ర అంటే.

మాజీవార్డెన్:
పిల్లలు నాకు చూపించిన స్క్రిప్టు ఒకటి, ఆడింది ఇంకొకటి. నా నడక, నా తాళాలగుత్తి చప్పుడు, తలుపు దగ్గర నా దగ్గు, అన్నీ దించేశారు. హాలంతా పడీపడీ నవ్వింది, నేనూ నవ్వాను. రూముకి వెళ్లి తలుపేసుకుని అద్దం ముందు నడిచి చూసుకున్నాను. మరుసటి ఏడు నుంచి ఫైనల్ రిహార్సల్‌కి నేను లేకుండా తెర లేవనివ్వలేదు.

పాతహాస్టలర్:
ఏడాదంతా మేం మీ తాళాల చప్పుడుకి భయపడి దుప్పటి ముసుగేసుకున్నాం. మీకు ఒక్క రాత్రి కష్టమైందా?

మాజీవార్డెన్:
నువ్వు మా హాస్టల్ వాడివేనా?

తెరవెనక:
మా నాటికలో నత్తి పాత్ర పెట్టారు. మా క్లాసులో నత్తి ఉన్నవాడు ఒక్కడే. వాడు ప్రాంప్టింగ్‌కి తెర వెనక నా పక్కనే కూర్చున్నాడు. జనం నవ్వుతున్నంతసేపూ ఏ లైనులో ఉన్నామో వేలు పెట్టి చూపిస్తూ ఉన్నాడు.

మేకప్‌మామ:
ఒక్క మాట మరిచాను. స్పిరిట్ గమ్ తీసేటప్పుడు లాగొద్దు, రిమూవర్‌తో తుడవాలి. ఆ దద్దుర్లు లాగడం వల్లే అయ్యుండొచ్చు.

సైన్సుటీచరమ్మ:
లాగలేదు.

లైట్లబాబు:
తెరవెనక గారి మాట చదివారా ఎవరైనా? సరే, నవ్వేసే పిల్లల సంగతి నేను చెప్తా. రిహార్సల్లో ఆ జోకు విసుగొచ్చేదాకా చెప్పించండి. ఎదుటివాడి కళ్లలోకి చూడొద్దు, నుదురు చూడమనండి. జనం నవ్వుతుంటే తర్వాతి డైలాగు మింగేసుకుని ఆగాలి, అలాగని నవ్వు పూర్తిగా చల్లారేదాకా ఆగినా చప్పబడుతుంది. తగ్గుముఖం పట్టగానే అందుకోవాలి. పిల్లలకి అన్నిటికన్నా కష్టమైంది ఇదే.

కొత్తటీచర్:
అందరికీ థాంక్స్. నత్తి పాత్ర ఒకటి నేనూ అనుకున్నాను, తీసేస్తున్నాను. స్క్రిప్టు ఈ రాత్రికి మొదలుపెడతా. మీసం గొడవ లేదు లెండి, మా జమీందారుకి నిజంగానే మొలుస్తోంది. మూడు వారాలు ముట్టుకోవద్దని చెప్పాను.

మేకప్‌మామ:
తొమ్మిదో తరగతి నూగుమీసమా? రెండో వరస కూడా దాటదు.